చర్చ: మంచి ఓపెన్ సోర్స్ కోడ్ చదివితే ప్రోగ్రామింగ్ వస్తుందా?

మారతహళ్ళి మధు: ఇక్కడ బెంగళూరు పీజీ హాస్టళ్ళలో ఉండి ఉద్యోగాలకు ప్రిపేరయ్యే మనవాళ్ళకి సీనియర్లు ఇచ్చే సలహా ఒకటే, "గిట్‌హబ్ సైట్లో అందరూ చూసేలా పెట్టిన మంచి ప్రాజెక్టు పట్టుకుని కోడ్ చదువు" అని. అది నిజంగా పనికొస్తుందా? నాకైతే అనుమానమే.

సెగ్‌ఫాల్ట్ సుబ్బు: పనికిరాదు, సొంతంగా రాస్తేనే వస్తుంది. రిలీజైన కోడ్‌లో మిగిలేది నెగ్గిన డిజైన్ ఒక్కటే. ఏది రాసి వదిలేశారో, ఎందుకు వదిలేశారో అందులో కనపడదు. పైగా ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ కోడ్ తెరిస్తే ఒక్క ఫైల్లోనే 2 లక్షల పైచిలుకు లైన్లు. ఎవడు చదువుతాడండీ?

పాయింటర్ పంతులు: ఆ ఫైలు ఎవరూ చేత్తో రాసింది కాదు సుబ్బు గారూ. విడివిడి ఫైళ్ళని బిల్డ్ చేసేటప్పుడు ఒకటిగా కలిపేస్తారు. చదివితే ఆ విడి ఫైళ్ళే చదవాలి.

వదిలేసినవి హిస్టరీలో, అంటే కోడ్‌కి జరిగిన మార్పుల చరిత్రలో దొరుకుతాయి. ఆ చరిత్రని దాచిపెట్టే సాఫ్ట్‌వేరే గిట్, దాని సొంత కోడే చూడండి. 2005 ఏప్రిల్ 7న దాన్ని రాసిన లైనస్ టోర్వాల్డ్స్ చేసిన మొదటి కమిట్‌లో (హిస్టరీలో దాచిన మొదటి మార్పులో) ఉన్నవి 11 ఫైళ్ళు, 1,200 పైచిలుకు లైన్లు. ఇప్పుడు గిట్ హిస్టరీని దాచే డాట్ గిట్ ఫోల్డర్ అప్పటికి ఇంకా లేదు, దాని స్థానంలో డాట్ డిర్‌క్యాష్ ఉంటుంది. అసలు చూడాల్సింది హ్యాష్ దగ్గర, అంటే బైట్ల నుంచి లెక్కగట్టే గుర్తు; గిట్‌లో దాచిన ఫైలుకి అదే పేరు. ఫైళ్ళని కుదించే జెడ్‌లిబ్ లైబ్రరీతో కుదించాక వచ్చిన బైట్ల మీద షా-1 అనే హ్యాష్ లెక్కేశారు. అంటే కంప్రెషన్ లెవెల్ మారిస్తే అదే ఫైలుకి ఇంకో పేరు వస్తుంది! ఆ నెలలోనే, కుదించకముందే హ్యాష్ చేసేలా మార్చేశారు. ముందు పాత కోడ్ చదివి, ఎక్కడ దెబ్బతింటుందో కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే ఏం మార్చారో చూపే డిఫ్ తెరవాలి.

కొత్త_కీబోర్డ్: మొదటి కమిట్ కోసం గిట్ లాగ్ కమాండ్‌కి రివర్స్, మైనస్ ఒకటి కలిపి కొడితే నిన్నటి కమిట్ వస్తోందేంటి సార్?

పాయింటర్ పంతులు: ముందు ఒక్క కమిట్‌కి పరిమితం చేసి, ఆ తర్వాత వరస తిప్పుతుంది, అందుకని. రెవ్-లిస్ట్ కమాండ్‌కి మ్యాక్స్-పేరెంట్స్ సున్నా ఇవ్వు, తమకి ముందు ఇంకో కమిట్ లేనివే చూపిస్తుంది. ఒకటికి మించి వస్తాయి, హిస్టరీని బొమ్మగా చూపే గిట్‌కే లాంటివి వేరే హిస్టరీలతో వచ్చి కలిశాయి కదా. తేదీ చూసి అన్నిటికన్నా పాతది తీసుకో. ఆ కోడ్‌ని బిల్డ్ చేయడానికి మేక్ కొడితే లింకింగ్ దగ్గర ఆగొచ్చు, అప్పుడు మేక్‌ఫైల్లో క్రిప్టో, జెడ్‌లిబ్ లైబ్రరీలు చేర్చు.

సెగ్‌ఫాల్ట్ సుబ్బు: గిట్ రాసిన సీ భాష రానివాడికి ఇదంతా దేనికి? వాడు రేపు రాయబోయేది వెబ్ అప్లికేషన్లు.

హెబ్బాళ్ హరిత: అయితే లిస్ట్‌మంక్ చూడమనండి. మన బెంగళూరు స్టాక్ బ్రోకర్ కంపెనీ జెరోధా సీటీఓ కైలాశ్ నాధ్ మొదలుపెట్టిన న్యూస్‌లెటర్ సాఫ్ట్‌వేర్. సర్వర్ కోడ్ గోలో, స్క్రీన్లు వ్యూలో, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. డేటాబేస్‌ని అడిగే క్వెరీలు గో కోడ్‌లో దూర్చకుండా విడిగా పేర్లు పెట్టి ఉంచారు, వెతకడం తేలిక. పై నుంచి కిందికి చదవబోతే మొదటిరోజే నిద్రొస్తుంది. స్క్రీన్ మీద ఒక్క బటన్ ఎంచుకోండి. నొక్కితే సర్వర్‌కి ఏ ఏపీఐ రిక్వెస్ట్ వెళ్తోందో బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూసి, ఆ పాత్‌ని గ్రెప్ చేస్తే, అంటే కోడంతా వెతికితే, దానికి జవాబిచ్చే ఫంక్షన్, అంటే హ్యాండ్లర్ దొరుకుతుంది, అక్కణ్ణుంచి క్వెరీ. తర్వాత క్వెరీలో ఒక కండిషన్ తీసేసి, ఏ స్క్రీన్ ఎలా చెడుతుందో ముందే చెప్పి, మళ్ళీ బిల్డ్ చేసి నడపండి. చెప్పింది తప్పితే అక్కడ అర్థం కాలేదన్నమాట.

సెగ్‌ఫాల్ట్ సుబ్బు: ఇది రాయడమే కదమ్మా! నా మాటే చెప్తున్నారు.

హెబ్బాళ్ హరిత: మార్చింది ఒక లైను, చదివింది నాలుగైదు ఫైళ్ళు. ఎందులో వేసుకుంటారో మీ ఇష్టం.

మారతహళ్ళి మధు: మరి లూపులే సరిగ్గా రానివాళ్ళు?

పాయింటర్ పంతులు: వాళ్ళు ఇలాంటి ప్రాజెక్టుల రిపోల జోలికి పోవద్దు. ముందు 200 లైన్ల సొంత ప్రోగ్రామ్ ఒకటి నడిపించమనండి. ఇందులో సుబ్బు గారితో నాకు పేచీ లేదు.