‘మాకు సమాధానం లేదండి’ అంటే ఏమని అర్థం?

మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పి, ఒక మాట గురించి ఈ గ్రూపులో మీ అందరినీ అడుగుదామని రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది చెన్నై, పెరంబూరు. తాతయ్య రైల్వే ఉద్యోగానికి నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా చెల్లికి విజయవాడ నుంచి ఒక సంబంధం వచ్చింది. తెచ్చినాయన నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, మా చర్చి భాష ఎరగని మనిషి. అమ్మ ఆ విషయం ప్రార్థనలో పెట్టింది. పది రోజులు తెల్లవారుజామున నాలుగింటికే లేచి మోకరించేది. పదకొండో రోజు ఫోన్ చేసి, “అన్నయ్యగారూ, ప్రార్థన చేశామండి. మాకు సమాధానం లేదు” అంది. ఆయన “దానిదేముందమ్మా, తొందరేం లేదు, నిదానంగా చెప్పండి” అన్నాడు. అమ్మ వద్దని చెప్పేశాననుకుంది. ఆయన ఇంకా ఏ సంగతీ తేలలేదనుకున్నాడు. అబ్బాయి వాళ్లు మూడు వారాలు ఇంకో సంబంధం చూడకుండా ఆగారు. తెలిశాక చాలా బాధపడ్డారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది.

చర్చిలో పెరిగినవాళ్లకు ‘సమాధానం’ అంటే మొదట శాంతి. సమాధానం లేదంటే మనసుకు నెమ్మది కలగలేదు, కాబట్టి వద్దు అని. రోమా పత్రికలో పౌలు పలకరింపే “కృపా సమాధానములు మీకు కలుగు గాక” అని. యెషయా 9:6లో పుట్టబోయే శిశువు పేర్లలో ‘సమాధానకర్తయగు అధిపతి’ ఒకటి. హీబ్రూలో అక్కడున్నది షాలోమ్, అంటే ఏ కొరతా లేకుండా అన్నీ కుదురుగా ఉండటం.

మరి దేవుడు జవాబిచ్చాడు అనాల్సిన చోట పాత తెలుగు బైబిల్ ఏమంటుంది? “నాకు మొఱ్ఱపెట్టుము నేను నీకు ఉత్తరమిచ్చెదను” (యిర్మీయా 33:3). జవాబుకు ఉత్తరం, నెమ్మదికి సమాధానం. తర్వాత వాడుక మారిపోయింది. ఉత్తరం పోస్ట్‌మన్ సంచిలోకి వెళ్లింది, సమాధానం పరీక్ష పేపర్లోకి వచ్చింది. ‘ప్రశ్నోత్తరాలు’ లాంటి మాటల్లోనే ఉత్తరానికి పాత అర్థం మిగిలింది.

నా సందేహం ఇది. “ప్రార్థన చేశాను, సమాధానం వచ్చింది” అన్నప్పుడు వచ్చింది ఏది? మనసు నెమ్మదించిందా, దేవుడు జవాబు చెప్పాడా? ఒకే మాటలో రెండూ ఉండేసరికి మొదటిదాన్నే రెండోదని అనేసుకుంటున్నామేమోనని నా భయం.

అయనావరం నుంచి ఒక అక్క:
తమ్ముడూ, మీ అమ్మగారు ఆ మాట తమిళాయనతో అని ఉంటే కనీసం సగం అర్థమయ్యేది! ఇక్కడ ‘సమాధానం’ అంటే శాంతే. శాంతి కపోతాన్ని ‘సమాధాన పుఱా’ అంటారు. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడం కూడా సమాధానపరచడమే. ఇంకో విచిత్రం చూడు. యోహాను 14:27లో తమిళ బైబిల్ ‘సమాధానం’ అంటే, మన బైబిల్ “శాంతి మీ కనుగ్రహించి వెళ్లుచున్నాను” అంటుంది. అక్కడ శాంతి ఎందుకు పెట్టారా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. చెవికి మాత్రం ఎంతో హాయిగా ఉంటుంది.

బెంగళూరు నుంచి:
కన్నడంలో కూడా అంతేనండి. మా పక్కింటావిడ నేను టెన్షన్ పడితే “సమాధాన మాడ్కొళ్ళి” అంటుంది, కుదుటపడమని. హిందీవాళ్లు మాత్రం సమస్యకు పరిష్కారాన్ని సమాధాన్ అంటారు.

తెలుగు మాస్టారు ఒకరు:
బాబూ, మూలంలో విరోధం లేదు. సంస్కృతంలో సమ్, ఆ అనే ఉపసర్గలు, ధా అనే ధాతువు. ఒకచోట చేర్చి కుదురుగా పెట్టడం. సమాధి కూడా ఆ ఇంటి మాటే. చెదిరిన మనసు కుదురుకుంటే శాంతి, సందేహం కుదురుకుంటే జవాబు. అయితే బైబిల్లో రెండూ పూర్తిగా వేరన్నావే, అది సరికాదు. 1 పేతురు 3:15 చూడు. నిరీక్షణ గురించి హేతువు అడిగేవారికి “సమాధానము చెప్పుటకు” సిద్ధంగా ఉండమని ఉంది. అక్కడ అది జవాబే.

నేను:
ఒప్పుకుంటున్నాను మాస్టారూ, ఆ వచనం నాకు తట్టలేదు. కానీ అక్కడ జవాబు చెప్పేది మనిషి. నా భయమంతా దేవుడి పక్షాన మనం చెప్పే జవాబు గురించి.

మా పాస్టర్ అంకుల్ (నేను పిలిస్తే గ్రూపులోకి వచ్చారు):
అందరికీ వందనాలు. ఈ వాడుకకు ఆధారంగా చూపించేది కొలొస్సయులకు 3:15. “క్రీస్తు అనుగ్రహించు సమాధానము మీ హృదయములలో ఏలుచుండ నియ్యుడి.” ‘ఏలు’ అన్నచోట గ్రీకులో ఉన్న క్రియ ఆటల పోటీల్లో తీర్పరి చేసే పనికి వాడేది. అందుకే సమాధానం ఉంటే ముందుకు, లేకపోతే ఆగు అని మేం కూడా బోధించాం. కానీ వెంటనే ఏముంది? “ఇందుకొరకే మీరొక్క శరీరముగా పిలువబడితిరి.” రెండు వచనాల ముందు ఒకరినొకరు సహించండి, క్షమించండి అని ఉంది. అక్కడ తీర్పరి కూర్చున్నది ఇద్దరి మధ్య. ఒక్కరి గుండెలోని అలజడిని కొలవడానికి ఆ వచనం రాయలేదని ఇప్పుడు నా అభిప్రాయం. యోనా దేవుడి మాట కాదని పారిపోతూ ఓడ అడుగున హాయిగా నిద్రపోయాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రాణం మరణమయ్యేంత దుఃఖంలో ఉంది, అయినా ఆయన నిలబడింది తండ్రి చిత్తంలోనే.

లయోలా కాలేజీలో చదివిన ఒకాయన:
మేం కేథలిక్కులం. మాకు జెస్యూట్ సభ స్థాపించిన పునీత ఇగ్నేషియస్ గారి పద్ధతి చెప్పేవారు. 1521లో పాంప్లోనాలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఆయన తన ఆలోచనలనే గమనించుకున్నాడు. వీరుడిగా పేరు తెచ్చుకోవాలన్న ఊహలు అప్పటికి తియ్యగా ఉండి తర్వాత మనసును ఎండగట్టేవి. పునీతుల్లా బతకాలన్న ఊహలు తర్వాత కూడా సంతోషాన్ని మిగిల్చేవి. అందుకని ఒక్క పూట నెమ్మదిని నమ్మకుండా, అది ఎటు తీసుకెళ్తోందో చూడమంటాడు. దిగులు కమ్మినప్పుడు ముందు తీసుకున్న నిర్ణయం మార్చవద్దని కూడా అంటాడు.

నేను:
ఇవన్నీ నిన్న రాత్రి అమ్మకు చదివి వినిపించాను. యోనా దగ్గర ఆపమంది. కాసేపు మాట్లాడలేదు. చెల్లి పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అడిగింది: “అమ్మా, సమాధానం లేనిది నీకా, నాకా?”

అమ్మ చాలాసేపటికి చెప్పింది. అబ్బాయి గురించి ఏ అభ్యంతరమూ లేదట. అమ్మ వాళ్ల నాన్న పోయినప్పుడు నెల్లూరు వెళ్లేసరికి ఆలస్యమై ఆఖరి చూపు దక్కలేదు. అప్పటి నుంచి పిల్లను దూరం పంపాలంటే గుండె దడ. ఆ దడే పది రోజులూ మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా వచ్చింది. దాన్నే దేవుడు వద్దంటున్నాడని అనుకుంది. అమ్మ ప్రార్థన నిజం, భయమూ నిజమే. రెంటికీ పేరు మాత్రం ఒక్కటే దొరికింది.

కీర్తన 32:8లో “నీమీద దృష్టియుంచి నీకు ఆలోచన చెప్పెదను” అని ఉంది. ఆలోచన చెప్పడమంటే సలహా ఇవ్వడం. మా నాన్నమ్మ ఏదైనా తేలకపోతే “పెద్దవాళ్లను ఆలోచన అడుగు” అనేది. అమ్మ ఈసారి పాస్టర్ అంకుల్‌నీ, చెల్లినీ ఆలోచన అడిగింది.

ఇవాళ పొద్దున ఫోన్ కూడా చేసింది. “అన్నయ్యగారూ, ఆ రోజు నా మాట మీకు తప్పుగా చేరింది, క్షమించండి. పిల్లను దూరం పంపడానికి భయపడ్డానండి. వాళ్లకు ఇంకా ఇష్టముంటే ఒకసారి ఇద్దరినీ మాట్లాడుకోనిద్దాం.” ఆయన కనుక్కుని చెప్తానన్నాడు. ఇంకా ఏ కబురూ రాలేదు.

మాస్టారూ, ఇంకొక్కటి. నెల్లూరు వైపు మా బంధువులు గొడవపడి కలిసిపోతే “సమాధానపడ్డారు” అంటారు. గోదావరి జిల్లాల్లో, తెలంగాణలో కూడా ఈ మాట ఉందా, లేక వేరే ఏమైనా అంటారా?