ప్రోటోటైప్ కోడ్‌ని పారేయాలా, దాని మీదే కట్టుకుంటూ పోవాలా?

సెమీకోలన్:
మా టీమ్‌లో ఈ వారమంతా ఇదే గొడవ. అపాయింట్‌మెంట్ బుకింగ్ యాప్‌కి ఒక ప్రోటోటైప్ (ఐడియాని పరీక్షించడానికి చేసే నమూనా) చేశాం. క్యాలెండర్ కనిపిస్తుంది, స్లాట్ నొక్కితే ఆకుపచ్చగా మారి "బుక్ అయింది" అని వస్తుంది. క్లయింట్ చూసి తెగ సంబరపడ్డారు. "అంతా అయిపోయినట్టే ఉందిగా, లైవ్ ఎప్పుడు?" అన్నారు. వెనకాల డేటాబేసే లేదు! బుకింగులన్నీ మెమరీలో ఒక అరేలో (తాత్కాలిక జాబితాలో) ఉంటాయి, సర్వర్ రీస్టార్ట్ చేస్తే మొత్తం పోతాయి. ఇద్దరు ఒకేసారి ఒకే స్లాట్ నొక్కితే ఇద్దరికీ "బుక్ అయింది" అనే వస్తుంది. దీన్ని పక్కన పెట్టి మొదటి నుంచి రాయాలని నేనంటున్నాను. సగం పని అయిపోయింది కదా, మిగతాది కలుపుకుంటూ పోదామని మేనేజర్ అంటున్నారు. మీరేమంటారు?

రెండోవెర్షన్:
నేను మేనేజర్ పక్షమే. పారేయాలనే వాళ్లంతా సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఫ్రెడ్ బ్రూక్స్ మాట పట్టుకుంటారు. మొదటిది ఎలాగూ పారేయాల్సిందే, అందుకు ముందే సిద్ధపడండి అని ఆయన 1975లో "ద మిథికల్ మ్యాన్-మంత్" పుస్తకంలో రాశారు. నిజమే. కానీ 1995లో అదే పుస్తకం కొత్త ఎడిషన్‌లో ఆ సలహా తప్పని ఆయనే రాసిన సంగతి ఎవరూ చెప్పరు. మొత్తం ఒకేసారి కట్టేసే వాటర్‌ఫాల్ పద్ధతిని మనసులో పెట్టుకుని అలా అన్నాననీ, నడిచే చిన్న సిస్టమ్‌తో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకోవడమే మేలనీ ఆయన తేల్చారు. అరే తీసి డేటాబేస్ పెట్టండి, టెస్టులు రాయండి, లాగిన్ సరిచేయండి. ప్రతి వారం చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. మొదటి నుంచి రాస్తే కొన్ని నెలలు క్లయింట్‌కి ఏమీ కనిపించదు, ఉన్న నమ్మకం కాస్తా పోతుంది.

బగ్‌వేట:
రెండోవెర్షన్ గారూ, పెంచుకుంటూ పోవడానికి నేనూ వ్యతిరేకిని కాను. కానీ దేన్ని పెంచుతున్నాం? నడిచే చిన్న సిస్టమ్ వేరు, నడిచినట్టు కనిపించే తెర వేరు. టెస్టర్‌గా నా బాధ ఏంటంటే, ప్రోటోటైప్‌లో వదిలేసిన వాటికి ఎక్కడా లిస్ట్ ఉండదు. నెట్ మధ్యలో పోతే ఏమవుతుంది? ఎవరో ఒకరు యూఆర్ఎల్‌లో నంబర్ మారిస్తే పక్కవాళ్ల బుకింగ్ కనబడుతుందా? తేదీని మామూలు టెక్స్ట్‌లా దాచేస్తే వేరే టైమ్‌జోన్‌లో ఉన్నవాళ్లకి ఏ రోజు చూపిస్తుంది? రాసినవాళ్లు ఇవన్నీ "తర్వాత చూద్దాం" అనుకునే వదిలేశారు, అందులో తప్పేం లేదు. కానీ ఆ "తర్వాత" అనేది రాసినవాళ్ల బుర్రలోనే ఉంటుంది. వాళ్లు వేరే ప్రాజెక్టుకి వెళ్లిపోతే వాళ్లతోపాటే వెళ్లిపోతుంది.

వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్ట్ భాషనే చూడండి. 1995 మే నెలలో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో దాని మొదటి ప్రోటోటైప్‌ని పది రోజుల్లో రాశారు. అదే బ్రౌజర్‌లోకి వెళ్లింది. ఈ రోజుకీ టైప్‌ఆఫ్ నల్ అని, అంటే "ఏమీ లేదు" అని చెప్పే నల్ ఏ రకం విలువ అని అడిగితే, ఆబ్జెక్ట్ అనే తప్పు జవాబు వస్తుంది. మొదటి అమలులో ఆబ్జెక్ట్‌కి టైప్ ట్యాగ్ (రకాన్ని గుర్తుపట్టే నంబర్) సున్నా, నల్ కూడా సున్నాయే, అందుకే రెండూ ఒకేలా కనబడ్డాయి. తర్వాత సరిచేద్దామని ప్రతిపాదన వచ్చింది. అప్పటికే ఉన్న వెబ్‌సైట్లు విరిగిపోతాయని వదిలేశారు. ఒకసారి జనం వాడటం మొదలుపెట్టాక తప్పు కూడా ఫీచరే అయిపోతుంది.

రెండోవెర్షన్:
ఆ ఉదాహరణ నాకే పనికొస్తుంది! ఆ లోపాలతోనే ఆ భాష ప్రపంచమంతా పాకింది. తీరిగ్గా మళ్లీ రాద్దామని కూర్చుని ఉంటే ఆ చోటు ఇంకెవరికో దక్కేది.

ఇంకొకటి. 1984లో సాఫ్ట్‌వేర్ పరిశోధకుడు బ్యారీ బోహ్మ్ బృందం ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. ఏడు టీములు ఒకే చిన్న సాఫ్ట్‌వేర్‌ని కట్టాయి. నాలుగు టీములు ముందు స్పెసిఫికేషన్ (ఏం కట్టాలో వివరించే పత్రం) రాసి, మూడు టీములు ప్రోటోటైప్‌తో. ప్రోటోటైప్ టీములకి కోడ్ దాదాపు 40 శాతం, శ్రమ 45 శాతం తగ్గింది. వాడటానికి, నేర్చుకోవడానికి తేలిగ్గా ఉన్నవి కూడా వాళ్లవే.

బగ్‌వేట:
మిగతా సగం కూడా చెప్పండి మరి. అదే ప్రయోగంలో ప్రోటోటైప్ ఉత్పత్తులకి ఫీచర్లలోనూ, తట్టుకునే శక్తిలోనూ కాస్త తక్కువ మార్కులే వచ్చాయి. డిజైన్ పొందికగా ఉండి, ఇంటిగ్రేషన్ సులువైనవి స్పెసిఫికేషన్ టీములవి. పైగా అవి రెండు నుంచి నాలుగు వేల లైన్ల ప్రోగ్రాములు. డబ్బు చెల్లింపులూ, లాగిన్లూ ఉన్న యాప్‌కి ఆ లెక్క అలాగే వర్తిస్తుందని నేననుకోను.

తెరవెనుక:
యూఐ (యాప్ స్క్రీన్ల) డిజైనర్‌ని, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇద్దరూ కోడ్ సంగతే మాట్లాడుతున్నారు. సెమీకోలన్ గారూ, ఆ ప్రోటోటైప్ ఏ ప్రశ్నకి జవాబు కోసం చేశారు? స్లాట్ ఎంచుకోవడం జనానికి అర్థమవుతుందా లేదా అనేదే ప్రశ్నయితే, దానికి కోడే అక్కర్లేదు. జెఫ్ హాకిన్స్ పామ్‌పైలట్ అనే జేబు కంప్యూటర్ తయారీకి ముందు అదే సైజులో ఒక చెక్కముక్క కోసి జేబులో పెట్టుకు తిరిగారు. మీటింగ్‌లో దాని మీద రాస్తున్నట్టు నటించి, ఎక్కడ ఎప్పుడు అవసరపడుతుందో చూసుకున్నారు. 1980ల మొదట్లో ఐబీఎమ్ వాళ్లు మాట వింటే టైపు చేసే యంత్రం జనానికి నచ్చుతుందో లేదో తెలుసుకోవాలనుకున్నారు. అలాంటి యంత్రం అప్పటికి లేదు. వేరే చోట కూర్చున్న టైపిస్టు విని కొడుతుంటే అక్షరాలు తెర మీద కనబడేలా పెట్టారు. ఈ రెండింటినీ "లైవ్ చేసేద్దాం" అని ఎవరూ అనలేరు కదా.

ఇంకో చిన్న విషయం, నేను గట్టిగా పట్టుబట్టేది. మొదటి డెమోలో రంగులు వద్దు. బూడిద రంగు డబ్బాలు, చేత్తో గీసినట్టుండే గీతలు చాలు. తెర మెరిస్తే చూసేవాళ్లు ఫాంట్ గురించీ, లాంచ్ తేదీ గురించీ మాట్లాడతారు. మెరవకపోతే పని గురించి మాట్లాడతారు. ఇప్పుడు ఏఐ టూల్స్‌తో ఒక పూటలో నిగనిగలాడే యాప్ తయారవుతోంది కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

రెండోవెర్షన్:
ఇది ఒప్పుకుంటాను. కానీ "వెయ్యి మంది ఒకేసారి బుక్ చేస్తే సర్వర్ తట్టుకుంటుందా" లాంటి ప్రశ్నకి చెక్కముక్క జవాబు చెప్పదు. అక్కడ నిజమైన కోడే రాయాలి. అలా రాసింది గట్టిగా ఉంటే ఎందుకు పారేయాలి?

సెమీకోలన్:
గట్టిగా ఉంటే అని మీరే అన్నారు. మాది గట్టిగా లేదు, పరంజా మీద కాపురం పెట్టమన్నట్టుంది. అయినా మీ అందరి మాటల వల్ల నా వాదన కాస్త మారింది. స్క్రీన్లు ఉంచుతాను, అవి జనంతో పరీక్షించినవి. బుకింగ్, లాగిన్, డేటా భాగాలు కొత్తగా రాస్తాం. తెరవెనుక గారు అడిగిన ప్రశ్నకి జవాబు: మేం తెలుసుకోవాలనుకున్నది స్క్రీన్ల గురించే, అది తేలిపోయింది. మేనేజర్‌కి మాటలతో చెప్పడం మానేసి, రెండు బ్రౌజర్లు పక్కపక్కన తెరిచి ఒకే స్లాట్ ఇద్దరికీ బుక్ చేసి చూపిస్తాను.

బగ్‌వేట:
చూపించండి, దానితోపాటు వదిలేసినవన్నీ ఒక పేజీలో రాసి ఇవ్వండి. స్లాట్ ఖాళీగా ఉందో లేదో కోడ్‌లో చెక్ చేసి ఊరుకోకండి, ఇద్దరూ ఒకే క్షణంలో చెక్ చేస్తే ఇద్దరికీ ఖాళీగానే కనబడుతుంది. డేటాబేస్‌లోనే యునీక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే స్లాట్ రెండుసార్లు నమోదు కాకూడదనే నియమం) పెట్టండి, రెండో బుకింగ్‌ని అదే తిప్పికొడుతుంది.

రెండోవెర్షన్:
అవును. క్యాన్సిల్ చేసిన బుకింగులు అదే టేబుల్‌లో ఉండిపోతే ఆ స్లాట్ మళ్లీ ఎవరికీ దొరకదు, కాబట్టి ఆ నియమం యాక్టివ్‌గా ఉన్నవాటికి మాత్రమే వర్తించేలా పెట్టండి.