‘కరువు రక్కసి’ అన్న రూపకం మన ఆలోచనను మారుస్తుందా?

ప్రశ్న (తెలుగు ఉపాధ్యాయుడు, అనంతపురం):
తొమ్మిదో తరగతి పిల్లలను మన జిల్లా కరువు మీద వ్యాసం రాయమంటే, దాదాపు అందరూ ‘కరువు రక్కసి కోరలు చాచింది’ అనే మొదలుపెట్టారు. రక్కసి అన్నాక అది ఎక్కడినుంచో వచ్చి మీద పడుతుంది. దాన్ని చంపే వీరుడైనా రావాలి, ఏదో ఒకటి సమర్పించి శాంతింపజేయనైనా శాంతింపజేయాలి. వ్యాసాల ముగింపులూ అలాగే ఉన్నాయి: ప్రభుత్వం ఆదుకోవాలి, దేవుడు కరుణించాలి. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడం, ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లే కురవడం, చెరువుల్లో పూడిక పేరుకోవడం పాఠంలో చదివినవే అయినా, ఒక్కరూ రాయలేదు. రూపకాన్ని నేను అలంకారంగానే నేర్పుతున్నాను. అది ఆలోచనకు దారి కూడా వేస్తుందా?

జవాబు 1 (కడప):
వేస్తుందనే నా నమ్మకం. ఉపమేయానికీ (వర్ణిస్తున్నదానికీ) ఉపమానానికీ (దేనితో పోలుస్తామో దానికీ) అభేదం, అంటే రెండూ ఒకటేనని, చెప్పడమే రూపకమన్నారు మన ఆలంకారికులు. అభేదం చెప్పాక ఒకదాని గుణాలు రెండోదానికి అంటుకోక తప్పదు. 2011లో అమెరికాలో పాల్ టిబడో, లేరా బొరొడిట్‌స్కీ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక నగరంలోని నేరాలను కొందరికి క్రూరమృగంగా, కొందరికి వైరస్‌గా వర్ణించి పరిష్కారం అడిగారు. మృగమని చదివినవారు పట్టుకుని శిక్షించడం వైపు ఎక్కువగా మొగ్గారు. వైరస్ అని చదివినవారిలో మూలకారణాలను సరిదిద్దాలన్నవారు పెరిగారు. మీ పిల్లల వ్యాసాలు దీనికి చాలా దగ్గరగా ఉన్నాయి.

జవాబు 2 (కర్నూలు):
ఆ ప్రయోగం మీద అంత బరువు మోపలేము. 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు రూపకం లేని పాఠాన్ని కూడా చేర్చి మళ్లీ పరీక్షిస్తే, రూపకం వల్ల తేడా కనిపించలేదు. పిల్లలు రాసింది పత్రికల్లో అరిగిపోయిన మాట. మెట్ట సేద్యం చేసిన మా నాన్న నోట రక్కసి అన్న మాట ఏనాడూ రాలేదు; ‘పదును కాలేదు’, ‘అదును దాటిపోయింది’ అనేవారు. విత్తడానికి చాలినంత తడి నేలలో ఉండడం పదును, విత్తవలసిన వేళ అదును. పెళ్లి మాట ఎత్తడానికైనా, అప్పు అడగడానికైనా ఆయన అదును చూసేవారు. కరువును వర్ణించే రూపకాలకన్నా, ఈ నేలలో పుట్టి మిగతా బతుకునంతా కొలిచే ఇలాంటి మాటలే మనలను ఎక్కువగా తీర్చిదిద్దాయని నాకు అనిపిస్తుంది.

జవాబు 3 (కడప):
‘గుండె చెరువైంది’ అన్న మాట కూడా అటువంటిదే. కట్ట తెగేదాకా లోపలే నిండుతూ పోయే నీటిని ఏళ్ల తరబడి చూసినవారికే దుఃఖం అలా కనిపిస్తుంది. మా జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, మంచి చెరువుకు కావలసిన అంగాలను, ఉండకూడని దోషాలను వరుసగా చెబుతుంది. అందులో నీరు మనిషి చేయవలసిన పని. మాస్టారూ, దాన్ని పిల్లలకు తప్పక చదివి వినిపించండి.

ప్రశ్న అడిగినవారు:
తప్పక వినిపిస్తాను. ఈలోగా, ఇంట్లో పెద్దలు వాడే మాటలతోనే మళ్లీ రాయమన్నాను. ‘వాన మొగం చాటేసింది’ అని వాళ్ల అవ్వ మాటను రాసిన ఒక అమ్మాయి, అలిగిన చుట్టాన్ని పిలిచినట్టు వానను పిలవాలని ముగించింది. రక్కసి పోయింది కాని, పూడిక మాట ఇంకా రాలేదు.