చర్చ: కంప్యూటర్ నెట్‌వర్క్స్ పాఠం తీగ నుంచి మొదలవ్వాలా, బ్రౌజర్ నుంచా?

గంటస్తంభం:
విజయనగరం దగ్గర సీఎస్‌ఈ మూడో ఏడు చదువుతున్నాను. మాకు ఈ సబ్జెక్టు తీగ నుంచి మొదలవుతుంది. నెట్‌వర్క్ పనిని ఏడు పొరలుగా విడదీసి చూపే ఓఎస్‌ఐ మోడల్, కేబుళ్ల రకాలు, తర్వాత సీఆర్‌సీ (డేటాలో తప్పులు పట్టే లెక్క), స్లైడింగ్ విండో (జవాబు రాకముందే ఎంత డేటా పంపొచ్చో చూసే పద్ధతి), రౌటింగ్ (డేటా వెళ్లే దారి ఎంచడం). రోజూ వాడే డీఎన్‌ఎస్ (సైటు పేరుకు నంబరు అడ్రస్ వెతికేది), హెచ్‌టీటీపీ (బ్రౌజర్ సైటు నుంచి పేజీ తెచ్చుకునే పద్ధతి) ఐదో యూనిట్లో ఉంటాయి. అప్పటికి పరీక్షలు నెత్తి మీదకు వచ్చేస్తాయి, గబగబా చెప్పేస్తారు. బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టిన దగ్గర మొదలుపెట్టి ఒక్కో పొర కిందికి దిగాలన్నది నా వాదన. ఓఎస్‌ఐ మోడల్ ప్రమాణంగా అచ్చయింది 1984లో. అంతకుముందే, 1983 జనవరి 1న, ఇంటర్నెట్‌కు తొలి రూపమైన అర్పానెట్, ఇవాళ్టి ఇంటర్నెట్ నడిచే టీసీపీ/ఐపీ పద్ధతికి మారిపోయింది. ఓఎస్‌ఐలోని సెషన్, ప్రెజెంటేషన్ పొరలు ఇంటర్నెట్‌లో విడిగా లేనే లేవు. మరి వాటిని కంఠతా పట్టించడం దేనికి?

ఉద్దానం_ఫైబర్:
తమ్ముడూ, నేను ఒప్పుకోను. పలాస వైపు బ్రాడ్‌బ్యాండ్ లైన్లు చూడటం నా పని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ వైపే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. మన ఫైబర్ వేలాడేది స్తంభాల మీదే.

మామూలు రోజుల్లోనూ అంతే. "నెట్ రావట్లేదు" అని ఫోనొస్తే ముందు ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే పెట్టె) మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు ఎర్రగా ఉందా అని అడుగుతాం. ఎర్రగా ఉంటే వెలుతురే రావట్లేదన్నమాట, రౌటర్ ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా లాభం లేదు. లైటు మామూలుగా ఉన్నా మీటరు పెట్టి చూస్తాం. మామూలు జీపాన్ లైన్లో (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకు పంచే లైను) సిగ్నల్ మైనస్ 27 డీబీఎం (వెలుతురు బలానికి కొలత) కన్నా పడిపోతే నెట్ నిలబడదు. ఒక ఫైబర్‌ని 32 ఇళ్లకు చీలిస్తే 15 డీబీ (డెసిబెల్) అక్కడే పోతుంది. 10 ఇంటూ లాగ్ 32, అంతే లెక్క. ఆపైన ప్రతి జాయింటూ, ప్రతి వంపూ కొంత తింటాయి. డిగ్రీ పట్టుకుని వచ్చిన కుర్రాళ్లకు ఈ లెక్క రాకపోతే నాకు నిజంగా బాధేస్తుంది. వెలుతురు బాగుంటే ఐపీ అడ్రస్ వచ్చిందా చూస్తాం, తర్వాత 8.8.8.8 అనే గూగుల్ సర్వర్‌కి పింగ్ కొడతాం, అంటే ఒక చిన్న డేటా ముక్క (ప్యాకెట్) పంపి జవాబు వస్తుందా చూస్తాం. పింగ్ వెళ్తూ సైటు పేరు కొడితే తెరుచుకోకపోతే, చూడాల్సింది డీఎన్‌ఎస్. ఇదంతా కింది నుంచి పైకే కదా.

నాగావళి_ఒడ్డు:
శ్రీకాకుళంలో ఇదే సబ్జెక్టు చెబుతాను. మీరిద్దరూ చెరో కొస పట్టుకుని మధ్యది వదిలేస్తున్నారు. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, పక్కనే ఉన్న యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దూరం 400 గజాలే. తీగ ఎక్కడా తెగలేదు. పోయిన ప్యాకెట్లను అందరూ మళ్లీ మళ్లీ పంపుతూ దారిని నింపేశారు. దీనికి విరుగుడుగా వాన్ జాకబ్సన్ 1988 పేపర్లో రాసిన స్లో స్టార్ట్ (కొద్దిగా పంపడంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయే పద్ధతి) ఇవాళ్టికీ టీసీపీలో ఉంది. ఇది తీగ దగ్గర వెతికినా దొరకదు, బ్రౌజర్లో వెతికినా దొరకదు.

నా బెంగ మాత్రం ల్యాబ్ గురించే. బిట్ స్టఫింగ్ (డేటాలో అదనపు బిట్లు చేర్చడం), సీఆర్‌సీ ప్రోగ్రాములు రికార్డులోకి ఎక్కించి సంతకం పెట్టించుకోవడంతో చాలాచోట్ల సెమిస్టర్ అయిపోతోంది. నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ ఉచితమే. అది పెట్టుకుని ఒక సైటుకు వెళ్తే, 53వ పోర్టుకు (డీఎన్‌ఎస్‌కు కేటాయించిన నంబరు) డీఎన్‌ఎస్ ప్రశ్న, తర్వాత టీసీపీ కనెక్షన్ మొదలుపెట్టే సిన్, సిన్-యాక్, యాక్ సందేశాలు వరసగా కనిపిస్తాయి. ఒక ప్యాకెట్ నొక్కితే ఈథర్నెట్, ఐపీ, టీసీపీ హెడర్లు (ఒక్కో పొర డేటాకు ముందు తగిలించే సమాచారం) ఒకదాని కింద ఒకటి తెరుచుకుంటాయి. పొరలు ఎందుకని అప్పుడు పిల్లలే అడుగుతారు.

గంటస్తంభం:
మేడం, ఇప్పుడు చాలా పెద్ద సైట్లకు ఆ సిన్ కూడా కనిపించకపోవచ్చు. టీసీపీ బదులు వాడే క్విక్ అనే పద్ధతి యూడీపీ (ముందుగా కనెక్షన్ పెట్టుకోకుండా పంపే పద్ధతి) మీద నడుస్తుంది, 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చేసింది. మా నోట్సులో హెచ్‌టీటీపీ అంటే ఇంకా టీసీపీయే. త్వరగా మారుతున్నది పై పొరే కాబట్టి దానికి టైం ఎక్కువ కావాలి. అన్న చెప్పిన డెసిబెల్ లెక్క ఉండాల్సిందే. కేబుళ్ల రకాలను మాత్రం ఒక్క క్లాసులో ముగించొచ్చు.

ఉద్దానం_ఫైబర్:
ఒక్క క్లాసే అయినా కేబుల్ చేతికిచ్చి చెప్పాలి తమ్ముడూ. రాగి ఈథర్నెట్ కేబుల్‌కి హద్దు 100 మీటర్లు. ఒక హాస్టల్లో ఆ సంగతి చూడకుండా ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే కేబుల్ లాగేశారు. చివరి గదుల పిల్లలు సాయంత్రమైతే చాలు నెట్ ఆగిపోతోందని ఫోన్లు చేసేవారు. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టాక సర్దుకుంది. ఆ ప్లాన్ వేసినవాళ్లూ సీఎస్‌ఈ చదివినవాళ్లే.