పొలంలో దొరికిన ఈ సీసం బిళ్ళ ఏంటో ఎవరైనా చెప్పగలరా? అక్షరాలు అర్థం కావట్లేదు

కిర్కాల్డీ_కుర్రోడు

అందరికీ నమస్తే. నేను ఉండేది స్కాట్లాండ్‌లో ఫైఫ్ వైపు. ఇక్కడ ఒక రైతు దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకుని, బార్లీ కోతలయ్యాక ఆయన పొలంలో మెటల్ డిటెక్టర్‌తో తిరుగుతుంటాను. మామూలుగా దొరికేవి పాత గుండీలు, గుర్రపు నాడాల ముక్కలు, విక్టోరియా రాణి కాలం పెన్నీలు. వాటిని చూడగానే గుర్తుపడతాను. మొన్న శనివారం దొరికింది మాత్రం అస్సలు అంతు చిక్కట్లేదు.

సిగ్నల్ చాలా శుభ్రంగా మోగింది, వెండి నాణెం అయ్యుంటుందనుకుని తవ్వాను. జానెడు లోతు కూడా లేదు. బయటికి వచ్చింది సీసం బిళ్ళ. అడ్డంగా కొలిస్తే 22 మిల్లీమీటర్లు, బరువు 19 గ్రాములు, మందం ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ. పూర్తి గుండ్రం కాదు, ఎవరో సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి అణిచినట్టు అంచులు బయటికి పాకి ఉన్నాయి. పైన తెల్లటి పొర. అంచు మీద ఎదురెదురుగా రెండు సన్నటి కన్నాలున్నాయి, ఒక దాంట్లో సూది పెడితే కొంత దూరం పోయి మట్టికి తగిలి ఆగిపోతోంది.

రెండు వైపులా అక్షరాలు నొక్కి ఉన్నాయి. ఇంగ్లిష్ అనుకుంటే కుదరట్లేదు. ఒక చోట ఎన్ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఇంకో చోట రెండు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. చివర్లో ఓ, దాని పక్కన బి లాంటిది, ఆ తర్వాత మళ్ళీ బి లాగే ఉంది కానీ పై సున్నా లేదు, ఎడమ పక్కకి చిన్న తోకలాంటిది ఉంది. రెండో వైపు బాగా అరిగిపోయింది, అంకెలేమో అనిపిస్తోంది.

ఇదేంటి? వెనిగర్‌లో వేస్తే పొర పోయి అక్షరాలు బాగా కనిపిస్తాయని ఇక్కడి ఫ్రెండ్ ఒకతను అంటున్నాడు, వెయ్యమంటారా?

గోదారి_గట్టు

కన్నాలు ఇటు నుంచి అటు పోతున్నాయంటే తాడు దూర్చడానికే కదా తమ్ముడూ. మా కోనసీమలో వల అడుగున కట్టే సీసం గుళ్ళకి కూడా ఇలాగే కన్నం ఉంటుంది. ఫైఫ్ అంటే మూడు పక్కలా నీళ్ళే, చేపలు పట్టేవాళ్ళు ఎక్కువ. వల గుండే ఎవరో పొలంలో పారేశారేమో. కానీ వల గుండు మీద రెండు వైపులా అంత ఓపిగ్గా అక్షరాలు ఎందుకు కొడతారు, అదొక్కటే నాకు కుదరట్లేదు.

క్రాయ్‌డన్_లక్ష్మి

ఇది సరుకు మీద వేసే ముద్రలా ఉంది. ఇంగ్లండ్ పొలాల్లో బట్టల తానులకి వేసిన సీసం ముద్రలు బోలెడు దొరుకుతాయి. ప్రభుత్వ అధికారి తాను పొడవు, నాణ్యత చూసి, పన్ను కట్టించుకుని సీసం ముద్ర వేసేవాడు. అలాంటివి అయితే రెండు బిళ్ళలు, మధ్యలో సన్నటి పట్టీ ఉంటుంది. పట్టీని మడిచి ఒక బిళ్ళ మీదున్న బొడిపెని ఇంకో బిళ్ళ కన్నంలోకి తోసి నొక్కేస్తారు. మీది ఒకే ముద్ద, పైగా కన్నాలు అంచుల్లో ఉన్నాయి, కాబట్టి బట్టల ముద్ర కాదు.

మొదట ఈస్టిండియా కంపెనీది అయ్యుంటుందా అని ఆశపడ్డాను, కానీ కంపెనీ గుర్తు వేరే. హృదయం ఆకారం, దాన్ని గీతలతో భాగాలు చేసి లోపల అక్షరాలు, పైన 4 అంకెలాంటిది. కంపెనీ నాణేల మీద కూడా అదే గుర్తు చూస్తాం. మీరు చెప్పిన వాటిలో అది లేదు. ఆ తిరగబడ్డ అక్షరాలు మాత్రం చాలా ముఖ్యం, వాటిని వదలకండి. వెనిగర్ మాత్రం వద్దే వద్దు.

నెల్లిమర్ల_నార

కుర్రోడూ, ఇది రష్యా నుంచి వచ్చిన నార బేలు ముద్ర. ఇంత నమ్మకంగా ఎందుకు చెప్తున్నానంటే నువ్వు రాసిన ప్రతి వివరం దానికే సరిపోతోంది.

ముందు అక్షరాలు చూద్దాం. తిరగబడ్డ ఎన్ అనుకున్నది రష్యన్‌లో 'ఇ'. రెండు నిలువు గీతలు, పైన అడ్డగీత ఉన్నది 'ప'. బి లాగా కనిపించేది 'వ'. ఇక చివర్లో పై సున్నా లేకుండా తోకతో ఉన్నదాన్ని అస్సలు పలకరు. పాత రష్యన్ రాతలో హల్లుతో ముగిసే చాలా పదాల చివర దాన్ని పెట్టేవాళ్ళు, 1918 ప్రాంతంలో లిపి సంస్కరణ చేసినప్పుడు ఆ చోట తీసేశారు. అంటే నీ దగ్గరున్నది 'ఓవ్' అని ముగిసే ఇంటిపేరు, అదీ పాత పద్ధతిలో రాసింది. ఇకమీద చదివేటప్పుడు ఒకటి గుర్తు పెట్టుకో, నీకు సి అనిపించేది 'స', పి అనిపించేది 'ర'. అలా చదివితే సగం చిక్కు విడిపోతుంది.

ఆ పేరు ఎవరిదంటే, నార నాణ్యత చూసే తనిఖీ అధికారిది. సెయింట్ పీటర్స్‌బర్గ్, రీగా, ఆర్ఖంగెల్స్క్ లాంటి రేవుల్లో అవిసె నార, ఓడల తాళ్ళకి వాడే హెంప్ నార ఎగుమతి అయ్యే ముందు గ్రేడు చూసి, బేలు కట్టిన తాడు సీసం ముద్దలోంచి దూర్చి, రెండు పక్కలా అచ్చులు పెట్టి నొక్కేసేవాళ్ళు. ఆ అంచుల్లో కన్నాలు ఆ తాడువే. అంచులు పాకడం ఆ దెబ్బ వల్లే. అధికారి పేరు ఎందుకు కొడతారంటే, ఇక్కడికి వచ్చి బేలు విప్పాక లోపల చెత్త నార, తడి నార బయటపడితే ఎవరు పాస్ చేశారో తేలాలి కదా. రెండో వైపున సంవత్సరం, రేవు గుర్తు, గ్రేడు లాంటివి ఉండాలి. నువ్వు అంకెలు అనుకుంటున్నవి అవే.

ఫైఫ్‌లో ఎందుకు దొరికింది అన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. నేను డండీలో ఉంటాను, పుట్టింది నెల్లిమర్ల. మాది జూట్ మిల్లు ఊరు, చుట్టుపక్కల పల్లెల్లో గోగు కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరేస్తారు. కాడ కుళ్ళి నార వదిలేదాకా ఆ వాసన ఊరంతా పడుతుంది. తర్వాత నడుం లోతు నీళ్ళలో నిలబడి కాడని బాది చేత్తో నార ఊడదీస్తారు. అవిసె కాడనీ ఇలాగే ఊరేస్తారు, కాకపోతే ఆ తర్వాత ఎండబెట్టి, కాడ విరగ్గొట్టి నార తీస్తారు. మీ ఫైఫ్‌లోని కిర్కాల్డీ, డన్‌ఫర్మ్‌లిన్, దాని పక్కనున్న మా డండీ అన్నీ 18, 19 శతాబ్దాల్లో లినెన్ నేసిన ఊళ్ళే, వాటికి కావలసిన అవిసె నారలో పెద్ద వాటా బాల్టిక్ రేవుల నుంచి ఓడల్లో వచ్చేది. మిల్లులో బేలు విప్పినప్పుడు ముద్ర తాడుతో సహా కింద పడేది. నార దువ్వగా మిగిలిన తుక్కు, ఊళ్ళో ఊడ్చిన చెత్త, దొడ్ల పెంట అన్నీ కలిపి బళ్ళ మీద పొలాలకి ఎరువుగా తోలేవాళ్ళు. వాటితో పాటే ఈ సీసం కూడా పోయిందని ఎక్కువ మంది చెప్పే మాట. నీకు గుండీలు అన్ని దొరకడానికి కారణం కూడా అదే, ఆ పొలంలో మట్టి పొగాకు గొట్టాల ముక్కలు కూడా ఉండాలే, తెల్లగా సన్నగా ఉంటాయి, చూశావా?

స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఈ ముద్రలు చాలామందికి దొరికాయి. తర్వాత 1830ల్లో తిమింగలం నూనె పట్టించి జనపనారని మెత్తబరచడం కుదిరింది, బెంగాల్ నుంచి జనపనార దిగడం పెరిగింది. 1853లో క్రిమియా యుద్ధం వచ్చి రష్యా నారకి అడ్డం పడేసరికి డండీ ఇంకా జోరుగా జనపనార వైపు తిరిగింది. డండీలో వెర్డంట్ వర్క్స్ అని పాత మిల్లుని మ్యూజియం చేశారు. ఇది చదువుతున్న విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు ఎవరైనా ఇటు వస్తే తప్పకుండా చూడండి, మన మిల్లుల్లో తిరిగిన యంత్రాల పూర్వీకులు అక్కడ కనిపిస్తాయి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. వెనిగర్ ముట్టకు, ఆ ఆమ్లం సీసాన్ని తినేస్తుంది, అక్షరాలు ఆ తెల్ల పొరలోనే ఉన్నాయి, పొర పోతే అవీ పోతాయి. వైర్ బ్రష్ కూడా వద్దు. మామూలు నీళ్ళతో మెత్తటి బ్రష్ మెల్లగా ఆడించి, ఆరబెట్టు, అంతే. ఓక్ చెక్క పెట్టెలో, అట్ట డబ్బాలో పెట్టకు, వాటిలోంచి వచ్చే ఆవిరి కూడా సీసానికి పడదు. జిప్ కవర్ నయం. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కో, ఇంట్లో చిన్నపిల్లలుంటే అందకుండా పెట్టు. ఆ కన్నంలో మట్టిని సూదితో ఇంక తవ్వొద్దు, ఒక్కోసారి పాత తాడు పీచు లోపల మిగిలి ఉంటుంది.

అమీర్‌పేట్_అరుణ్

సూపర్ ఇన్ఫర్మేషన్ అన్నా. అమ్మితే ఎంత వస్తుంది? ఇంకో డౌట్, నేనూ ఒక డిటెక్టర్ ఆన్‌లైన్‌లో కొని మా ఊరి పాత కోట దగ్గర ట్రై చేద్దామనుకుంటున్నా, మన దగ్గర ఇది చెయ్యొచ్చా?

క్రాయ్‌డన్_లక్ష్మి

అరుణ్ గారూ, కోట దగ్గర వద్దండీ, దయచేసి. రక్షిత కట్టడం అయితే చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, పర్మిషన్ లేకుండా తవ్వితే కేసు. సొంత పొలంలో దొరికినా 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది, భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు పది రూపాయలకి మించినదైతే కలెక్టర్‌కి చెప్పాలి. గుప్త నిధుల పిచ్చితో మన పల్లెల్లో పాత గుళ్ళని, నంది విగ్రహాలని ఎలా పగలగొడుతున్నారో ప్రతి ఏడాదీ పేపర్లో చదువుతూనే ఉన్నాం, కడుపు తరుక్కుపోతుంది. తొలకరికి జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్ళు నేల మీద పైకి తేలిన రాళ్ళు ఏరుకుంటారు, అది వేరు. కోట గోడ పక్కన గొయ్యి తీస్తే ఏ పొరలో ఏముందో ఇంకెవరూ ఎప్పటికీ చెప్పలేరు.

నెల్లిమర్ల_నార

ధర సంగతి, అరుణ్, ఇవి చాలానే దొరుకుతాయి కాబట్టి అమ్మితే పెద్దగా ఏమీ రాదు. అయినా అమ్మడం తర్వాత మాట. స్కాట్లాండ్ చట్టం ఇంగ్లండ్ లాంటిది కాదు. అక్కడ బంగారం, వెండి లాంటి కొన్ని రకాలకే నిధి చట్టం వర్తిస్తుంది, మిగతావి స్వచ్ఛందంగా నమోదు చేయిస్తారు. ఇక్కడ లోహం ఏదైనా సరే, పురావస్తు విలువ ఉన్నవన్నీ ప్రభుత్వానివే, దొరికినవాడిది కాదు. ఎడింబరోలో నేషనల్ మ్యూజియంలో ట్రెజర్ ట్రోవ్ యూనిట్ ఉంది, వాళ్ళకి తెలియజేయాలి. మ్యూజియంలకి అక్కర్లేదనుకుంటే సర్టిఫికెట్‌తో నీకే తిరిగి ఇస్తారు. కుర్రోడూ, ఎక్కడ దొరికిందో మ్యాప్ మీద గ్రిడ్ నంబర్ రాసి పెట్టుకున్నావా? బిళ్ళ కంటే ఆ నంబరే ముఖ్యం, ఏ మిల్లు చెత్త ఏ పొలాలకి పోయిందో అలాంటి వాటిని కలిపి చూస్తేనే తెలుస్తుంది.

రెండో వైపు ఫోటో ఇంకోటి తియ్యి. గదిలో లైట్లు ఆపేసి, ఫోన్ టార్చ్‌ని బిళ్ళ పక్కన నేలబారుగా పెట్టి, చుట్టూ తిప్పుతూ నాలుగైదు తియ్యి. నేరుగా పైనుంచి వెలుగు పడితే అరిగిన గీతలు కనపడవు.

కిర్కాల్డీ_కుర్రోడు

అన్నా, మామూలుగా లేదు! టార్చ్ ఎడమ పక్క నేలబారుగా పెట్టగానే అంకెలు పైకి లేచాయి. 18 స్పష్టంగా ఉంది, దాని పక్కన 2 లేదా 3, ఆఖరి అంకె అంచు పాకిన చోట నలిగిపోయింది. దాని పైన సి, మీరు చెప్పిన ఆ అడ్డగీత అక్షరం, ఆ తర్వాత 6 లాంటిది ఒకటి. గ్రిడ్ నంబర్ ఫోన్‌లో ఉంది, దొరికిన చోటే సేవ్ చేశాను. మట్టి గొట్టాల ముక్కలు కూడా బోలెడున్నాయి ఆ పొలంలో, ఇన్నాళ్ళూ వాటిని పట్టించుకోలేదు. ఆ 6 అంటే గ్రేడా?

నెల్లిమర్ల_నార

6 కాదు, అది 'బ' అక్షరం. స, ప, బ. సాంక్త్ పీటర్‌బుర్గ్ అన్నమాట, సెయింట్ పీటర్స్‌బర్గ్ రేవు. 1820లు గానీ 1830లు గానీ, అంటే డండీ ఇంకా ఎక్కువగా అవిసె నార మీదే బతుకుతున్న రోజులు. ఆ ఇంటిపేరులో మొదటి అక్షరాలు ఎన్ని కనిపిస్తున్నాయో అదే టార్చ్ పద్ధతిలో తీసి ఇక్కడ పెట్టు, ఇలాంటి ముద్రలు సేకరించి పేర్లు జాబితా వేసేవాళ్ళు ఉన్నారు, పోల్చి చూద్దాం. యూనిట్‌కి మెయిల్ రాసేటప్పుడు రెండు వైపుల ఫోటోలు, పక్కన స్కేలు పెట్టి అంచు ఫోటో ఒకటి, బరువు, గ్రిడ్ నంబర్, రైతు పర్మిషన్ ఉందన్న మాట, ఇవన్నీ ఒకే మెయిల్‌లో పంపు. కన్నంలో మట్టి తియ్యలేదని కూడా రాయి, పీచు ఉందేమో వాళ్ళే చూస్తారు.