తెల్లారగట్ట బండికి, చెరువు పనికి: కొత్త జాకెట్ కొనకుండా చలి ఆపే దారి ఉందా?

ప్రశ్న: కాలవగట్టు (కలం పేరు, ఊరు అమలాపురం వైపు)

నమస్కారం అండి. మాకు చలితో పని మూడు చోట్ల. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి కాలవగట్టు వెంట బండి మీద రొయ్యల చెరువుకి వెళ్ళి ఏరేటర్లు (నీళ్ళకి గాలి పట్టించే యంత్రాలు) చూసుకోవాలి. పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, మనుషులు నీళ్ళలోకి దిగాలి. ఇంట్లో డెబ్భై దాటిన పెద్దవాళ్ళున్నారు.

బజారులో దొరికే లావుపాటి పాలిస్టర్ జాకెట్ వేసుకుని గట్టు మీద నాలుగడుగులు వేస్తే లోపలంతా చెమట, ఆగితే వణుకు. తొమ్మిదయ్యేసరికి ఎండ, అప్పుడది బరువు. రెండేళ్ళకి జిప్పు పోతుంది, చెత్తలో పడుతుంది. బీరువాలో చూస్తే పాత నూలు చీరలు, పంచెలు బోలెడున్నాయి. వాటితో అయ్యే పని ఏమైనా ఉందా? ఇంకో మాట. భూమి వేడెక్కుతోందంటారు కదా, మరి ఈ చలేంటండి?

జవాబు: తెల్లారగట్ట

చివరి ప్రశ్న నుంచి మొదలెడతాను. కొనాలా వద్దా అన్నది దాని మీదే ఉంది. భూతాపం అంటే ఏళ్ళ తరబడి సగటు పెరగడం. సగటు పెరిగినంత మాత్రాన మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదలడం మానదు, ఉత్తరం నుంచి పొడిగాలి దిగడం మానదు. వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకి దిగి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే శీతల గాలులంటారు. తీరంలో పదికి దిగడం అరుదు కాబట్టి, 15 డిగ్రీలకో అంతకన్నా కిందికో వచ్చి ఆ 4.5 తగ్గుదల ఉంటే చాలు. అంటే మనకి గట్టి చలి ఏడాదిలో కొద్ది వారాలు, అదీ రాత్రి నుంచి పొద్దెక్కే దాకా. మనాలి మంచుకి కుట్టిన జాకెట్ ఇక్కడ దండగ.

కాకపోతే డెల్టా చలి తడి చలి. పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలే మనిషికి వెచ్చదనం. ఆ సందుల్లోకి నీరు చేరిందంటే, నీరు గాలి కంటే ఇరవై రెట్లకి పైగా వేడిని లాగేస్తుంది. బండి మీద ఎదురుగాలి ఆ వెచ్చటి గాలిని ఊడ్చేస్తుంది. మీ జాకెట్ గాలిని ఆపుతోంది, చెమటనీ ఆపుతోంది. గొడవంతా అక్కడే.

ఒంటికి ఆనుతూ పొడి బనియను. దాని మీద పొడుగు చేతుల చొక్కా, ఆ పైన ఉన్ని స్వెట్టరో, పాత గుడ్డ పొరలు కలిపి కుట్టిన బొంత కోటో. అన్నిటికీ పైన మీ వానాకాలం రెయిన్‌కోటే వేసుకోండి, గాలి ఆపడానికి దాన్ని మించింది అక్కర్లేదు. దాన్ని బండెక్కే ముందే తొడుక్కుని, దిగిన వెంటనే, నడక మొదలెట్టకముందే తీసేయాలి. అందరూ చేసే పొరపాటు దాన్ని ఒంటి మీదే ఉంచుకుని గట్టు చుట్టూ తిరగడం. చెమట ఆవిరి బయటికి పోక లోపలి గోడకి నీరుగా పట్టి చొక్కాని తడిపేస్తుంది. డిక్కీలో ఇంకో బనియను పెట్టుకోండి. తిరుగు ప్రయాణానికి ముందు అది మార్చుకుంటే స్వెట్టర్ మార్చినంత తేడా ఉంటుంది.

రెయిన్‌కోటు లేని రోజున నాలుగైదు పేపర్లు మడిచి చొక్కాకి, స్వెట్టర్‌కి మధ్య గుండె మీద పెట్టుకోవచ్చు. పాత పద్ధతే, బాగా పనిచేస్తుంది. పేపరు మెత్తబడితే మాత్రం తీసేయాలి. హెల్మెట్ కింద లావు మంకీ టోపీ వద్దు, హెల్మెట్ వదులై పడినప్పుడు కాపాడదు. పల్చటి నూలు గుడ్డ చాలు. మఫ్లర్, కండువా, చున్నీ కొసలు చొక్కా లోపలికి దోపాలి, చక్రంలో పడితే చలి సంగతి తర్వాత. మోకాళ్ళకి పాత జీన్స్ ముక్క రెండు మడతలు వేసి ప్యాంటు లోపల కుట్టించుకోండి.

జవాబు: సూదీదారం

పాత చీరలుంటే బొంత కోటు కుట్టుకోండి, చేతుల్లేనిది. మొండెం వెచ్చగా ఉంటే చేతులకి, కాళ్ళకి నెత్తురు బాగా పారుతుంది. ఒక్క నూలు చీర చాలు.

చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. వెడల్పు 45. పొడవులో 26 అంగుళాల చొప్పున ఐదు ముక్కలు కోస్తే 130 అంగుళాలు పోతుంది. మిగిలింది అంచు పట్టీకి, మెడ పట్టీకి. గట్టిగా ఉన్న ముక్కలు పైనా కిందా, చిరుగులున్నవి మధ్యలో. జరీ అంచు తీసి పక్కన పెట్టేయండి, గీసుకుంటుంది.

కోసే ముందు చీరని గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఉతికి గంజి పూర్తిగా వదిలించాలి. గంజి ఉంటే మన తేమకి బూజు పడుతుంది, పురుగూ కొరుకుతుంది. తర్వాత ఐదు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పరిచి, ముడతలు చేత్తో నిమిరి, చుట్టూ పెద్ద పెద్ద టాకాలు వేయాలి. బొంత కుట్టు నడిమి నుంచి అంచులకి వెళ్ళాలి. అంచు నుంచి మొదలెడితే మిగులు గుడ్డంతా మధ్యలో ఉబ్బి నిలుస్తుంది, విప్పడం తప్ప దారి లేదు. వరసకీ వరసకీ ఎడం అంగుళంన్నర నుంచి రెండంగుళాలు. దగ్గర దగ్గరగా కుడితే మధ్య గాలి నలిగిపోయి అట్టలా అవుతుంది. మరీ దూరమైతే ఉతికినప్పుడు లోపలి పొరలు జారి ఒక మూలకి చేరతాయి. దారం బిగించి లాగొద్దు.

ముందు కుట్టి తర్వాతే కోటు ఆకారంలో కత్తిరించాలి, ఎందుకంటే కుట్టులో గుడ్డ అంగుళం, రెండంగుళాలు ముడుచుకుంటుంది. ముందే కత్తిరిస్తే బిగుతవుతుంది. ఆ 45 అంగుళాల వెడల్పే కుట్టాక 43, 44 అవుతుంది. 36 నుంచి 38 ఛాతీ మనిషికి చుట్టూ సరిపోతుంది, పక్క కుట్లు అక్కర్లేదు. రెండు కొసలూ ముందు భాగంలో కలిసేలా మడిచి, ఇరుపక్కల మడత దగ్గర పై నుంచి పది అంగుళాల లోతు చంక కోయండి. మెడ వంపు తీసి, భుజాలు కలిపి కుట్టి, కోసిన అంచులన్నిటికీ పట్టీ వేయండి. ముందు బొత్తాల బదులు నాడాలు పెడితే లోపల స్వెట్టర్ ఉన్నా లేకున్నా సర్దుకోవచ్చు. ఇంతకన్నా లావు మనిషికి పక్కల్లో మూడేసి అంగుళాల ముక్క అతకండి.

బరువు మూడు వందల గ్రాముల చుట్టూ ఉంటుంది. దీనికి ఒకటే శత్రువు, మంచు. తీగ మీద రాత్రి వదిలేశారా, మర్నాడు వేసుకోలేరు.

జవాబు: పంపుషెడ్డు

బొంత కోటు బండికి బాగుంటుంది, కాదనను. నీళ్ళలో దిగేవాళ్ళకి మాత్రం నూలు చెప్పకండి. ఈ మధ్య పర్యావరణం పేరు చెప్పి అన్నిటికీ నూలే అంటున్నారు. నూలు పోగు మామూలు తేమలోనే తన బరువులో ఎనిమిది శాతం పైన నీరు పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. తడిసిన నూలు లుంగీ కట్టుకుని గట్టు మీద నిలబడితే, అందులో ఒక్కో గ్రాము నీరు ఆవిరవ్వడానికి సుమారు 580 కేలరీల (తిండి లెక్కలో చెప్పే కిలోకేలరీలు కావు, చిన్న కేలరీలు) వేడి కావాలి. అందులో చాలా భాగం మనిషి ఒంట్లోంచే పోతుంది. వలలాగే వాళ్ళకి ఒంటికి పట్టినట్టుండే పాత ఆటల జెర్సీ, పాలిస్టర్ నిక్కరు మేలు. ఇంట్లో వాడకుండా పడేసినవి ఉంటాయి, కొత్తవి కొనక్కర్లేదు.

అంతకన్నా ముఖ్యం బయటికొచ్చాక మొదటి ఐదు నిమిషాలు. గట్టు మీద ఒక టార్పాలిన్ చాటు కట్టండి, గాలి వచ్చే వైపు. తడి బట్ట విప్పడం, తల తుడుచుకోవడం, పొడి చొక్కా, దాని మీద బొంత కోటు, తలకి తువ్వాలు, ఈ వరసలో. తడి మీద స్వెట్టర్ తొడిగితే స్వెట్టరూ పాడు, మనిషికీ వెచ్చన లేదు. పొడి బట్టలు ముడి వేసిన పాలిథిన్ సంచిలో ఉండాలి, గట్టు మీద విడిగా పెడితే మంచుకే చెమ్మగిల్లుతాయి. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా ఆ మనిషిని మళ్ళీ దింపొద్దు. మందు పోస్తే వేడెక్కుతుందన్నది వట్టి మాట. చర్మానికి నెత్తురెక్కి వేడిగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి ఇంకా త్వరగా పోతుంది.

దాళ్వా (రెండో పంట వరి) నాట్లకి దిగే ఆడవాళ్ళకీ ఇదే లెక్క. చీర కుచ్చెళ్ళు మోకాలి పైకి దోపుకుని, పైన పొడుగు చేతుల చొక్కా, తలకి గుడ్డ. వీలుంటే తొమ్మిది దాటాక దిగితే బురద చల్లదనం కాస్త తగ్గుతుంది. కూలి గంటలు మార్చడానికి రైతు ఒప్పుకోవాలి మరి.

జవాబు: ఉన్ని సంచి

స్వెట్టర్ కొనాల్సి వస్తే ఉన్ని అవునో కాదో చూసి కొనండి. చలికాలంలో రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మేవి ఎక్కువగా యాక్రిలిక్. లోపలి కుట్టు నుంచి ఒక పోగు లాగి, పట్టుకారుతో పట్టి కాల్చండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన, మంట తీస్తే ఆరిపోతుంది, బూడిద వేలితో నలుగుతుంది. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసవుతుంది. నూలుది కాగితం కాలిన వాసన.

యాక్రిలిక్ పనికిరాదని కాదు, ఉన్నది చిరిగేదాకా వాడండి. ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్ళలో పోతాయి కాబట్టి తక్కువసార్లు, చల్లటి నీళ్ళలో, లోపలి వైపు బయటికి తిప్పి ఉతకండి. లోపల బనియను ఉంటే స్వెట్టర్‌కి చెమట పట్టదు, ఊరికే ఎండలో ఆరేస్తే చాలు. భోగిమంట దగ్గరికి, చలిమంట దగ్గరికి మాత్రం యాక్రిలిక్, పాలిస్టర్ వేసుకుని వెళ్ళొద్దు. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలుకీ నిప్పంటుకుంటుంది, కరగదు అంతే. పిల్లలకి వదులు చున్నీలు, వేలాడే కొసలు లేకుండా చూడండి.

గొంగళి సంగతి ఎవరూ ఎత్తలేదు. దక్కను గొర్రె ఉన్నితో తెలంగాణ వైపు మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. ముతక, ఒంటికి గుచ్చుకుంటుంది. బండికి పనికిరాదు, చెరువు మీద పాకలో కూర్చునే కాపలా మనిషికి మాత్రం దానికి సాటి లేదు. మంచు పైపైనే నిలుస్తుంది. మన నెల్లూరు గొర్రెకి ఉన్ని రాదు, కాబట్టి ఇక్కడ దొరకదు, తెప్పించుకోవాలి.

ఫిబ్రవరి చివర్లో ఉన్ని దాచేటప్పుడు ఉతికి, రెండు ఎండలు చూపించి, చల్లారాక నూలు సంచిలో పెట్టండి. ఎండ వేడి మీదే మూటగట్టినా, పాలిథిన్ కవర్లో పెట్టినా లోపల చెమ్మ పట్టి బూజు. పురుగు ఉన్ని కంటే ముందు దాని మీది చెమట మరకకి వస్తుంది, అందుకే ఉతకడం. కలరా ఉండలు వేస్తే వాడే ముందు రెండు రోజులు గాలికి ఆరేయాలి. పసిపిల్లల బట్టల్లో అసలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పిల్లలకి ఆ ఆవిరితోనే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదరొచ్చు.

కాలవగట్టు

చాలా ఉపయోగం అండి. రెండు సందేహాలు. బొంత కోటులో బూరుగు దూది కూరితే ఇంకా వెచ్చగా ఉంటుందా? పెద్దవాళ్ళకీ ఇదే కోటు చాలా?

సూదీదారం

బూరుగు దూది తేలిక, నీరు పట్టదు, వెచ్చన బాగానే ఉంటుంది. కానీ దాని పోగు పెళుసు, రెండు మూడు ఉతుకులకి విరిగి ఉండలు కడుతుంది, సన్నటి కుట్టు సందుల్లోంచి బయటికీ వస్తుంది. నిప్పంటుకుంటే ఆగదు. దిండులోకి వాడండి, కోటులోకి వద్దు.

పెద్దవాళ్ళకి ఐదు పొరలు బరువనిపిస్తే నాలుగు చాలు. చంక పదికి బదులు పదకొండు అంగుళాలు కోయండి, చెయ్యి వెనక్కి తిప్పలేని వాళ్ళకి తొడగడం తేలిక. నాడాల బదులు పెద్ద బొత్తాలు పెట్టండి. వీపు కింది భాగం మూడంగుళాలు పొడుగుంచితే మంచం మీద వంగినప్పుడు నడుము బయటపడదు. షుగరున్న వాళ్ళ కాళ్ళకి వదులు నూలు సాక్సు తొడగండి, నిప్పుల కుంపటి దగ్గర పాదాలు పెట్టనివ్వకండి, కాలినా వాళ్ళలో కొందరికి తెలీదు. కోటు రెండు కుట్టండి. ఒకటి ఉతికితే పొద్దున మంచు విడిచాక ఆరేసి నాలుగు లోపు తీయాలి. చంక దగ్గర మడత వేలితో నొక్కి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే.