హైబ్రిడ్ టీ గులాబీలు: కత్తిరించిన కొమ్మలు నల్లబడుతున్నాయి, సంక్రాంతికి పెద్ద పువ్వు ఎలా?

తోటపాలెం డాబా:
అందరికీ నమస్కారమండీ. మాది విజయనగరం. పెరట్లో ఎర్రమట్టిలో కొన్ని, డాబా మీద 12 అంగుళాల కుండీల్లో కొన్ని హైబ్రిడ్ టీ (కాడకో పెద్ద పువ్వు పూసే రకం) గులాబీలున్నాయి. గ్లాడియేటర్, ఫస్ట్ ప్రైజ్, పీస్, డబుల్ డిలైట్. అన్నీ కడియం నుంచి తెచ్చిన అంటు మొక్కలే. అక్టోబరు మొదటి వారంలో కొమ్మలు కత్తిరించాం, వెంటనే ముసురు పట్టింది. ఇప్పుడు నవంబరు వచ్చింది, కోసిన చోటు నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి దిగుతోంది. రెండు మొక్కల్లో చిటికెన వేలంత లావు కొమ్మలు జానెడు మేర పోయాయి. బాగున్న కొమ్మలకేమో చివర మూడు నాలుగు మొగ్గలు గుత్తిగా వస్తున్నాయి, పువ్వు చిన్నగా, నడుమ చదునుగా విచ్చుతోంది. డబుల్ డిలైట్‌కి ఎరుపు అంచు సరిగా రావడం లేదు. సంక్రాంతి నాటికి కాడకో పువ్వు, మధ్యలో మొన తేలి, వాజులో పెట్టుకునేలా రావాలంటే ఇప్పటి నుంచి ఏం చేయాలి?

నాగావళి గట్టు:
కొమ్మ ఎండు తెగులండీ అది. శిలీంధ్రం కోసిన గాయంలోంచే లోపలికి పోతుంది, గాయం ఆరేలోపు వాన పడితే దానికి అంతకన్నా అనువైన సమయం లేదు. అక్టోబరు రెండో వారంలో కత్తిరించమని చాలాచోట్ల రాసేది ఉత్తరాది లెక్క. మన తీరానికి అది తుపాను కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ పలాస వైపు తీరం దాటింది 2018 అక్టోబరు 11న. సిరిమానోత్సవం (దసరా తర్వాత విజయనగరంలో జరిగే పైడితల్లి జాతర), దీపావళి రెండూ వెళ్లి, వరసగా నాలుగైదు రోజులు పొడి ఎండ కాసేదాకా మన దగ్గర కత్తెర పట్టకూడదు.

ఇప్పుడు చేయాల్సింది: నల్లబడిన చోటుకి రెండు అంగుళాలు కిందికి కోసి, తెగిన ముఖం చూడండి. నడుమ బెండు తెల్లగా ఉంటే అక్కడ ఆగవచ్చు. టీ రంగు చుక్క ఎంత చిన్నది కనిపించినా తెగులు ఇంకా కిందే ఉన్నట్టు, మరో కన్ను (కొమ్మ మీద చిగురు లేచే చోటు) కిందికి దిగండి. అవసరమైతే కొమ్మ మొదలుదాకా వెళ్లడానికీ వెనకాడొద్దు. ఒక్కో మొక్కకి మారేటప్పుడు కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. కోసిన ముక్కలు మొక్క మొదట్లో వదలకండి, తీసేసి కాల్చేయండి.

కోత ఎప్పుడూ బయటివైపు చూసే కన్నుకి పావు అంగుళం పైన, వాలు కన్నుకి అవతలి వైపుకి ఉండాలి. అంతకంటే ఎక్కువ ముక్క వదిలితే దానికి రసం అందదు, ఎండిపోతుంది, తెగులు అక్కడ మొదలై కిందికి పాకుతుంది. మీవి ఒక అంగుళం దాకా వదిలి కోసి ఉంటారని నా అనుమానం.

కోసిన రోజే బోర్డో పేస్ట్ పూయండి. ఇంటికి కొంచెం చాలు. 10 గ్రాముల మైలుతుత్తం 50 మిల్లీలీటర్ల నీళ్లలో, 10 గ్రాముల సున్నం మరో 50 మిల్లీలీటర్లలో విడివిడిగా ప్లాస్టిక్ డబ్బాల్లో కలిపి, తర్వాత రెండూ కలపాలి. ఇనుప చాకు మొన ఒక్క నిమిషం ముంచి తీయండి. రాగి రంగు పూత పడితే సున్నం చాలలేదు, ఇంకొంచెం వేయండి. ఆ రోజుకి ఆ రోజే వాడేయాలి. మొక్కంతటికీ కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు పిచికారీ చేసి, పది రోజులకి మరోసారి చేయండి.

పండక్కి లెక్క వెనక నుంచి వేసుకోవాలి. మన చలికి కత్తిరింపు నుంచి పువ్వు దాకా 45 నుంచి 55 రోజులు. జనవరి 14కి 50 రోజుల ముందు అంటే నవంబరు 25. కాబట్టి అసలు కత్తిరింపు నవంబరు 20, 25 మధ్య. పీస్ లాంటి పెద్ద పువ్వు రకాలు 20కే, మిగతావి 25కి. మరీ కురచగా కోయొద్దు. నాలుగైదు బలమైన కొమ్మలు, ఒక్కోటి అడుగున్నర నుంచి రెండడుగులు ఉంచి, పెన్సిల్ కంటే సన్నటివి, లోపలికి పెరిగేవి, ఒకదాన్నొకటి రాసుకునేవి తీసేయండి.

ఇంకో మాట. కత్తిరింపుకి ముందు వేళ్ల మీద మట్టి తవ్వి ఎండబెట్టే పద్ధతి చెబుతుంటారు. దక్కను నల్లరేగడికి అది పనికొస్తుందేమో గానీ మన ఇసుక కలిసిన ఎర్రమట్టిలో సన్న వేళ్లు చచ్చిపోతాయి, చేయకండి.

బొబ్బిలి అంటు:
గుత్తులుగా చిన్న పూలు అన్నారు కదా, ముందు ఆ కొమ్మ ఎక్కడి నుంచి లేచిందో చూడండి. అంటు కట్టిన చోట ముడిలా ఉబ్బు ఉంటుంది. దాని కింది నుంచి వచ్చినదైతే అది అంటుకి వేళ్ల కోసం వాడిన కింది మొక్క పిలక, మీరు కొన్న రకం కాదు. ఆకులో ఏడు చిట్టి ఆకులున్నాయని కొందరు తేలుస్తారు, అది గట్టి గుర్తు కాదు, కొన్ని మంచి రకాలకీ ఏడుంటాయి. పుట్టిన చోటు ఒక్కటే నమ్మండి. మట్టి తొలగించి పిలకను మొదట్లోంచి కిందికి లాగి పీకేయాలి. కత్తిరిస్తే అక్కడి కళ్ల నుంచి మళ్లీ రెండు లేస్తాయి.

డబుల్ డిలైట్ ఎరుపు ఎండలోని అతినీలలోహిత కిరణాలతో వస్తుంది. నీడ పడితే, గ్రీన్ షేడ్ నెట్ కింద పెడితే వెన్న రంగులోనే ఉండిపోతుంది. రోజుకి ఆరు గంటల ఎండ తగిలే చోటికి మార్చండి, ముఖ్యంగా పొద్దుటి ఎండ.

కళింగపట్నం ఇసుక నేల:
పైవాళ్లు చెప్పాక మిగిలింది మొగ్గ, మేత, నీళ్లు.

పిలక కాకపోతే గుత్తికి మందు ఒక్కటే, పక్క మొగ్గలు తుంచడం. నడిమి మొగ్గ శనగ గింజంత, పక్కవి పెసర గింజంత ఉన్నప్పుడు బొటనవేలితో పక్కకి వంచితే టక్కున ఊడొస్తాయి. లాగొద్దు, మెడ తొక్క చీరుతుంది. ఆలస్యం చేస్తే అక్కడ మచ్చ పడి, కాడ ఆ వైపుకి వంగుతుంది, మిగిలిన పువ్వూ పెద్దది కాదు. కింది ఆకుల చంకల్లో వచ్చే చిగుళ్లనీ మొగ్గ విచ్చేదాకా తీసేస్తూ ఉండండి.

కత్తిరించిన రెండు వారాలకి, చిగురు వేలెడంత వచ్చాక, నేల మొక్కకి బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) రెండు మూడు కిలోలు, వేపపిండి 100 గ్రాములు, ఎముకల పొడి 50 గ్రాములు మొదలుకి దూరంగా గుండ్రంగా వేసి మట్టి కప్పాలి. కుండీకి గెత్తం రెండు గుప్పిళ్లు, మిగతావి అందులో సగం. పచ్చి గెత్తం వేస్తే చెద, వేరుపురుగు తప్పవు. వేరుశనగ పిండి కిలో పది లీటర్లలో వారం నానబెట్టి, తేటను పదింతల నీళ్లతో పలచన చేసి, పదిహేను రోజులకోసారి మొక్కకి లీటరు పోయండి. మొగ్గ రంగు తేలగానే ఆపేయాలి. యూరియా జోలికి పోకండి. కాడ మెత్తబడి పువ్వు బరువుకి వాలిపోతుంది, డిసెంబరు మంచుకి బూడిద తెగులూ ముందు దానికే వస్తుంది.

బూడిద కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొడితే ఆకు మాడుతుంది, రెండింటికీ ఎడం ఉంచండి. రేకు అంచు గోధుమ రంగుకి మారి మొగ్గ విచ్చకుండా ఆగితే తామర పురుగు. తెల్ల కాగితం మీద మొగ్గను తట్టండి, సన్నగా గీతల్లాంటివి పాకుతాయి. అప్పుడు ఫిప్రోనిల్ 5 శాతం మందు లీటరుకి 2 మిల్లీలీటర్లు, తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ.

నీళ్లు పొద్దున్నే, మొదట్లోనే పోయండి. ఆకు ఏడు గంటలు తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు రావడానికి చాలు, సాయంత్రం పైపుతో తలమీద చల్లితే తెల్లవార్లూ తడే. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే మీ బోరు ఉప్పుది. కుండీ పరిమాణానికి మూడింతల మంచినీళ్లు ఒకేసారి పోసి కింది రంధ్రంలోంచి పోనివ్వండి.

తోటపాలెం డాబా:
చాలా ధన్యవాదాలండీ. మూడు కొమ్మలు కోసి చూశాను, రెండింటిలో బెండు టీ రంగే ఉంది, ఇంకా కిందికి దిగుతాను. ఒక గుత్తి కొమ్మ నిజంగానే ముడి కింది నుంచి లేచింది. పువ్వు ఏ దశలో కోయాలో, వాజులో మెడ వాలకుండా ఎలా ఉంచాలో కూడా చెబుతారా?

చంపావతి పూలు:
తెల్లవారుజామున, ఎండ తగలకముందు కోయండి. కింది పచ్చటి రక్షక పత్రాలు పూర్తిగా వెనక్కి వాలి, బయటి రెండు మూడు రేకులు వదులైన దశ సరైనది. ఇంకా గట్టి మొగ్గగా కోస్తే వాజులో విచ్చదు. డబుల్ డిలైట్ త్వరగా విచ్చే రకం, దాన్ని మాత్రం కొంచెం ముందే కోయవచ్చు. కోసిన చోటుకి కింద, మొక్క మీద అయిదు చిట్టి ఆకులున్న ఆకులు రెండైనా మిగలాలి. తర్వాతి పువ్వు వాటి చంకలోంచే.

బకెట్ పక్కనే పెట్టుకుని కోసిన వెంటనే మెడ దాకా నీళ్లలో దింపండి. ఇంట్లోకి తెచ్చాక కాడ చివరను నీళ్లలో ముంచి, నీళ్లలోనే మరో అంగుళం ఏటవాలుగా కోసి, చీకటి గదిలో మూడు నాలుగు గంటలు వదిలేయండి. మెడ వాలడానికి కారణం కాడలో గాలి బుడగ అడ్డుపడటం, లేదా పాచి నీళ్లలోని బ్యాక్టీరియా నాళాలు పూడ్చేయడం. వాలినా పారేయకండి. చివర కోసి, పువ్వుతో సహా మొత్తం కాడను టబ్బు నీళ్లలో గంటసేపు పడుకోబెడితే చాలాసార్లు నిలబడుతుంది.

ముస్తాబు విషయానికొస్తే, చినిగిన బయటి రేకును మొదట్లో పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపితే ఊడుతుంది, కత్తెరతో కోస్తే అంచు తెలిసిపోతుంది. ఆకులను తడి మెత్తని గుడ్డతో తుడవండి, నూనె రాయొద్దు. బయటి రెండు వరసల రేకుల మధ్య బఠాణీ గింజంత దూది ఉండలు పెట్టి రెండు గంటలు ఉంచి తీస్తే చుట్టూ గుండ్రంగా విచ్చి నడిమి మొన ఎత్తుగా తేలుతుంది. నడుమ రేకులను మాత్రం వేలితో ముట్టుకోవద్దు, ఒకసారి సుడి చెదిరితే మళ్లీ రాదు.

వాజు సన్నమూతిది తీసుకోండి, వెడల్పు మూతిలో ఒంటి కాడ పక్కకి ఒరుగుతుంది. నీటి మట్టం కింద ఆకు ఉండకూడదు. రోజూ నీళ్లు మార్చి, రెండు రోజులకోసారి చివర అర అంగుళం కోయండి. ఫ్యాన్ కింద, పండిన అరటిపళ్ల గెల పక్కన పెట్టకండి. పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి రేకులు ముందే రాలతాయి, పండగ ఇంట్లో గెల ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది.